బొమ్మ ఆగినా మాట ఆగొద్దు: హన్మకొండ వీధి లైవ్, ప్రాజెక్టు డైరీ

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో జరిగే ధర్నాలు, ర్యాలీలు, రిలే దీక్షలను మొదటి నుంచి చివరిదాకా కత్తిరింపు లేకుండా ఇంటర్నెట్‌లో లైవ్ ఇవ్వడం మా పని. టీవీ వార్తల్లో అర నిమిషం దొరికే ఆశా వర్కర్ల ధర్నాకు ఇక్కడ మూడు గంటలు దొరకాలి. నలుగురం చేస్తున్నాం. కరీంనగర్‌లోనో, జగిత్యాలలోనో, మానుకోటలోనో ఎవరైనా ఇలాంటిదే పెట్టుకోవాలనుకుంటే పనికొస్తుందని ఈ డైరీ రాస్తున్నా. ఏది తెగింది, ఎంత కొలిచాం, ఏది మార్చాం, ఎందుకు మార్చాం, అంతే ఉంటుంది. ఛానెల్ పేరు, లోగో, ప్రారంభోత్సవం సంగతులు ఉండవు.

దశ 1: అప్‌లోడ్ కొలతలు

లైవ్‌కు కావలసింది అప్‌లోడ్ స్పీడు, అంటే మన ఫోను నుంచి బయటికి పంపే వేగం. ఫోన్లో సినిమా ఆగకుండా ఆడుతున్న చోట కూడా లైవ్ పెడితే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోవచ్చు. అందుకే పరికరాలు కొనకముందే రెండు వేర్వేరు కంపెనీల సిములతో ధర్నాలు జరిగే చోట్లన్నీ కొలిచాం. కింద ఉన్నవన్నీ అప్‌లోడ్ అంకెలు, ఎంబీపీఎస్‌లలో (సెకనుకు ఎన్ని మెగాబిట్లు). మొదటి అంకె మొదటి సిమ్ముది, రెండోది రెండో సిమ్ముది.

- ఏకశిల పార్కు ముందు, పొద్దున 6 గంటలకు, రోడ్డు ఖాళీగా: 14, 9
- అదే చోట, మధ్యాహ్నం 12 గంటలకు, టెంటు నిండా జనం: 0.7, 2.1
- అదాలత్ సెంటర్, సాయంత్రం ర్యాలీ: 1.1, 1.8
- ఎనుమాముల మార్కెట్ గేటు, పత్తి బండ్లు బారులు తీరిన పొద్దున: 3.2, 0.4
- కాజీపేట రైల్వే స్టేషన్ బయట: 4.5, 3.8

ఒకే చోట పొద్దున 14 వచ్చిన సిమ్ము మధ్యాహ్నానికి 0.7కు పడిపోయింది. డౌన్‌లోడ్ మాత్రం అప్పుడు కూడా 20 దగ్గర ఉంది. 4జీలో 2300 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లలో ఒకే దారిని పోవడానికీ రావడానికీ కాలం పంచి వాడతారు, అందులో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే ఇస్తారు. 850, 1800 బ్యాండ్లలో అప్‌లోడ్‌కు వేరే దారి ఉంటుంది. ధర్నాకు వచ్చినవాళ్లందరూ వాట్సాప్‌లో వీడియోలు పంపుతుంటే ముందు నిండిపోయేది ఆ ఇరుకు దారే. ఏ సిమ్ము ఎక్కడ బాగుంటుందో ఊరంతటికీ ఒకే జవాబు లేదు. ఎనుమాముల దగ్గర మొదటిది గెలిచింది, ఏకశిల పార్కు దగ్గర రెండోది.

5జీ కూడా చూశాం. ఆరుబయట అంకెలు బాగున్నాయి. కానీ ర్యాలీతో నడుస్తుంటే ఫోను 5జీకీ 4జీకీ మధ్య మారినప్పుడల్లా కొన్ని సెకన్లు ఏమీ పోవడం లేదు, పైగా ఫోను త్వరగా వేడెక్కుతోంది. సెట్టింగుల్లో 4జీకి కట్టేశాం. స్పీడు తగ్గింది, తెగడం కూడా తగ్గింది.

కొలిచే పద్ధతి:

1. జనం ఉన్నప్పుడే కొలవండి. ఖాళీ రోడ్డు మీది అంకె దేనికీ పనికిరాదు.
2. ఒక్క టెస్టుతో ఆపకుండా పావుగంటలో మూడు నాలుగు సార్లు చేయండి.
3. సగటు రాసుకోవద్దు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె రాసుకోండి.
4. లైవ్ బిట్‌రేట్ (సెకనుకు పంపే డాటా) ఆ అంకెలో సగానికి మించకుండా పెట్టండి.

ఈ లెక్కన మాకు 720పీ (బొమ్మలో 720 అడ్డ గీతలు, గీతలు పెరిగితే స్పష్టత పెరుగుతుంది) పెట్టే స్తోమత లేదని తేలింది. 540పీ, సెకనుకు 25 ఫ్రేములు, 1.2 ఎంబీపీఎస్ దగ్గర ఆగాం. కొన్ని చోట్ల ఇది కూడా సగం దాటుతుంది, అక్కడ యాప్ తనంతట తాను బిట్‌రేట్ తగ్గించుకుంటుంది. డాటా లెక్క కూడా దీనివైపే ఉంది. ఆడియోతో కలిపి 2.6 ఎంబీపీఎస్ పంపితే గంటకు 1,170 ఎంబీ పోతుంది, రోజుకు 2 జీబీ ప్యాకు గంటా నలభై నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, లైవ్ ముగిసినట్టే. 1.3 దగ్గరైతే గంటకు 585 ఎంబీ, మూడు గంటల పైన నడుస్తుంది. ధర్నాలు పదకొండుకు మొదలై రెండుకు ముగుస్తాయి కాబట్టి ఇది సరిపోతుంది.

ఖర్చు: రెండు సిములు, రీచార్జులు రూ. 760. మొత్తం: రూ. 760.

దశ 2: తెగిన లైవ్

మొదట ఫోన్లోంచి నేరుగా యూట్యూబ్‌కు ఆర్‌టీఎంపీ పద్ధతిలో పంపాం. ఈ పద్ధతిలో ఒక ప్యాకెట్టు (డాటాలో చిన్న ముక్క) దారిలో పోతే దాన్ని మళ్లీ తెప్పించుకునేదాకా వెనక ఉన్నవన్నీ వరుసలో నిలబడతాయి. సిగ్నల్ పలచబడ్డ చోట వరుస పెరిగి పెరిగి, చివరికి కనెక్షనే తెగుతుంది. తెగడం ఒక్కటే అయితే ఓర్చుకునేవాళ్లం. ఎక్కువసేపు తెగితే చూసేవాళ్లు వెళ్లిపోతున్నారు, మళ్లీ మొదలుపెడితే కొత్త లింకు, పాత లింకు వాట్సాప్ గ్రూపుల్లో చచ్చిపడి ఉంటోంది. పోలీసులు టెంటు తీయించడానికి వచ్చిన పది నిమిషాలే తెగిన పది నిమిషాలైన రోజు ఉంది. ఆ వేళకు రోడ్డు మీద ఉన్న ప్రతి చేతిలో ఫోను ఉంటుంది, టవరు మీద భారం అప్పుడే పెరుగుతుంది. లైవ్ ఎప్పుడు అవసరమో అప్పుడే నెట్టు చిక్కిపోతుందన్నది ఈ పనిలో మొదట ఒప్పుకోవలసిన సంగతి. ఏర్పాటంతా దాన్ని బట్టే ఉండాలి.

మార్చింది ఇదీ. ఫోను నుంచి ఎస్‌ఆర్‌టీ పద్ధతిలో పంపడం మొదలుపెట్టాం. 2017 నుంచి ఇది అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. ప్యాకెట్టు పోతే, మనం పెట్టిన గడువులోగా దాన్ని మళ్లీ తెప్పిస్తుంది. గడువు దాటితే వదిలేసి ముందుకు పోతుంది. బొమ్మ కాసేపు చెదురుతుంది, దారి మాత్రం అంత తేలిగ్గా తెగదు.

రెండో మార్పు, యూట్యూబ్‌కు పంపే పని ఫోను దగ్గరి నుంచి తీసేసి ఇంట్లో కంప్యూటర్‌కు అప్పజెప్పడం. దాంట్లో ఓబీఎస్ అనే ఉచిత ప్రోగ్రాం నడుస్తుంది, వచ్చిన బొమ్మనూ మాటనూ కలిపి యూట్యూబ్‌కు పంపేది అదే. ఫోను తెగినా ఓబీఎస్ తెగదు కాబట్టి యూట్యూబ్ లింకు బతికే ఉంటుంది.

ఇక్కడ ఒక అడ్డంకి వచ్చింది. ఇంటి ఫైబర్ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ అడ్రసు లేదు. కంపెనీ ఒకే అడ్రసును చాలా ఇళ్లకు పంచుతుంది. బయటి నుంచి ఫోను మన కంప్యూటర్‌ను పిలిస్తే పలికేవాళ్లు ఉండరు. రూటర్లో పోర్టులు తెరిచినా ఫలితం లేదు. అందుకని మధ్యలో చిన్న సర్వర్ అద్దెకు తీసుకున్నాం. దాంట్లో మీడియాఎమ్‌టీఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టాం. ఫోను అక్కడికి పంపుతుంది, ఇంటి కంప్యూటర్ అక్కడి నుంచి తెచ్చుకుంటుంది. ఇద్దరూ బయటికి పిలిచేవాళ్లే కాబట్టి అడ్రసు గొడవ లేదు. సర్వర్ వీడియోను మార్చదు, అందిస్తుంది అంతే. 1 జీబీ ర్యామ్ ఉన్నది చాలు.

వరుస:

1. సర్వర్లో మీడియాఎమ్‌టీఎక్స్ పెట్టండి. ఎస్‌ఆర్‌టీ పోర్టు 8890, యూడీపీ. సర్వర్ ఫైర్‌వాల్‌లో అది తెరవాలి.
2. ఫోన్లో ఎస్‌ఆర్‌టీ పంపగల యాప్ పెట్టండి. మేం వాడుతున్నది లారిక్స్ బ్రాడ్‌కాస్టర్. బిట్‌రేట్ తనంతట తాను తగ్గే ఎంపిక ఆన్ చేయండి.
3. కీఫ్రేమ్ (మార్పులు మాత్రమే కాకుండా మొత్తం బొమ్మను పంపే ఫ్రేము) 2 సెకన్లకు ఒకటి.
4. గడువు (లేటెన్సీ) 3 సెకన్లు. ఫోన్ యాప్‌లో ఇది మిల్లీసెకన్లలో ఉంటుంది, అంటే 3000. ఓబీఎస్ మీడియా సోర్స్ అడ్రసులో మైక్రోసెకన్లలో ఉంటుంది, అంటే 3000000. అక్కడ కూడా 3000 అని రాస్తే మూడు మిల్లీసెకన్ల గడువే ఉంటుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తూ బొమ్మ ముక్కలవుతుంది.
5. వీడియో ఆగినప్పుడు చూపించడానికి ఓబీఎస్‌లో ఒక కదలని బొమ్మ సిద్ధంగా పెట్టండి. ఊరు, చోటు, ఎవరి ధర్నా, ఏ డిమాండ్లు అన్నవి దాని మీద రాసి ఉండాలి.
6. యూట్యూబ్ ఖాతాకు లైవ్ సదుపాయం మొదటిసారి తెరుచుకోవడానికి 24 గంటలు పట్టవచ్చు. ధర్నా రోజు పొద్దున మొదలుపెడితే అందదు.

ఖర్చు: సర్వర్ అద్దె, యాప్ చందా కలిపి నెలకు రూ. 1,240. మొత్తం: రూ. 2,000.

దశ 3: మాట వినపడాలి

దారి తెగడం తగ్గాక, చూసినవాళ్లు ఏమన్నారో అడగడం మొదలుపెట్టాం. అన్నిటికన్నా బరువైన మాట ఒక ఆశా వర్కర్ అక్క దగ్గర విన్నాం. "తమ్మీ, అంతసేపు మాట్లాడిన. ఇంటికి పోయినంక నా బిడ్డె ఫోన్ల పెట్టింది. డప్పు తప్ప నా మాట ఒక్కటన్న ఇనవడ్తలేదు."

వీడియో మళ్లీ చూశాం. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఫోను మైకు తనకు దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది: పక్కన డప్పు, వెనక ఆర్టీసీ బస్సు హారన్. మైక్‌సెట్టు గొట్టాల్లోంచి వచ్చే మాట ఎదురుగా ఉన్న గోడకు కొట్టుకుని రెండుసార్లు వినిపిస్తోంది. నెలకు ఎంత వస్తుంది, ఏ పనికి ఎంత ఇస్తున్నారు, ఎన్ని నెలలుగా ఆగింది అన్నవి ఆమె అంకెలతో సహా చెప్పింది. ఆ అంకెల్లో ఒక్కటీ బయటికి రాలేదు. బొమ్మ చూసినవాళ్లకు ఒకే రంగు చీరల గుంపొకటి రోడ్డు మీద కూర్చుందని తెలిసింది, ఎందుకు కూర్చుందో తెలియలేదు. అప్పటి నుంచి మా క్రమం మారింది: మొదట మాట, తర్వాత రికార్డు, ఆ తర్వాతే బొమ్మ. ఈ డైరీలో ఇక మీద వచ్చే మార్పులన్నీ ఈ క్రమం నుంచి పుట్టినవే.

కాలర్ మైకు చూశాం. వక్తలు మారుతూనే ఉంటారు, ప్రతి ఒక్కరికీ తగిలించలేం. మైకు ముందు ఇంకో మైకు కట్టి చూశాం. వక్త చేతిలోకి మైకు తీసుకుని నడవడం మొదలుపెట్టగానే అది పోయింది. మిగిలింది ఒకటే దారి: మైక్‌సెట్టు యాంప్లిఫయర్ నుంచి నేరుగా తీగ తీసుకోవడం. చాలా యాంప్లిఫయర్ల వెనక లైన్ అవుట్ అని ఒక సాకెట్ ఉంటుంది.

మైక్‌సెట్టు అన్న ఒప్పుకోలేదు. "సాకెటైతె ఉన్నది గని, మీ ఫోన్ పెడితె గుయ్యి మంటది. పేరు ఖరాబయ్యేది నాది." ఆయన భయం సరైనదే. యాంప్లిఫయర్ కరెంటు మీద, మన ఫోను చార్జర్ కూడా అదే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఉంటే గ్రౌండు రెండు దారుల్లో కలిసి 50 హెర్ట్జ్ హమ్ పుడుతుంది. దానికి రెండు మందులు. ఫోనును పవర్ బ్యాంకు మీదే నడపాలి, మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టాలి. కార్ల ఆడియో దుకాణంలో దొరుకుతుంది, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఆయన ముందే పెట్టి చూపించాం. గొట్టాల్లో ఏ తేడా రాలేదు. ఇప్పుడు ఆయనే మాకోసం తీగ బయటికి తీసి పెడుతున్నాడు.

తర్వాతి సమస్య లెవెల్. లైన్ అవుట్‌లో ఒక వోల్టు దాకా వస్తుంది. ఫోను మైకు దారి కొద్ది మిల్లీవోల్టులకు చేసింది. నేరుగా పెడితే మాటంతా బొంగురుగా చిట్లిపోతుంది. వందో వంతుకు తగ్గించే చిన్న సర్క్యూట్ పలక కట్టాం. దాంట్లో ఇంకో చిక్కు ఉంది: 100 ఓమ్‌ల రెసిస్టర్ నేరుగా ఫోను మైకు పిన్నుకు తగిలితే, ఫోను దాన్ని ఇయర్‌ఫోన్ మీటగా లెక్కవేస్తుంది. మైకుగా గుర్తించదు, తన లోపలి మైకుతోనే రికార్డు చేస్తూ పోతుంది, తెరమీద ఏమీ చెప్పదు. అందుకని కెపాసిటర్, 2.2 కిలో ఓమ్ కలిపాం.

పలక కట్టే వరుస:

1. ఐసోలేటర్ నుంచి వచ్చే ఆర్‌సీఏ తీగ మధ్య వైరుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ సాల్డర్ చేయండి.
2. దాని రెండో కొస నుంచి గ్రౌండుకు 100 ఓమ్‌లు.
3. ఆ రెండూ కలిసిన చోటు నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. ప్లస్ కాలు ఫోను వైపు ఉండాలి.
4. కెపాసిటర్ నుంచి నాలుగు పట్టీల పిన్ను మొదలుకు తీగ. ఇప్పటి ఫోన్లలో మైకు అక్కడే ఉంటుంది, దాని పక్క పట్టీ గ్రౌండు.
5. మైకు పట్టీకీ గ్రౌండుకూ మధ్య 2.2 కిలో ఓమ్‌లు.
6. పిన్ను పెట్టాక ఫోను లోపలి మైకు దగ్గర వేలితో తట్టండి. ఆ శబ్దం రికార్డయితే ఫోను మన తీగను గుర్తించలేదన్నమాట.
7. మైక్‌సెట్టు వాల్యూం పూర్తిగా తగ్గించి చూడండి. మన దాంట్లో మాట తగ్గకపోతే మంచి సాకెట్ దొరికినట్టు. తగ్గితే, ధర్నా నడుస్తున్నంతసేపూ వాల్యూం మీట కదపొద్దని అన్నకు చెప్పుకోవాలి.
8. లెవెల్ మీటరులో మామూలు మాట మైనస్ 12 డీబీ (డెసిబెల్) దగ్గర ఉండేలా పెట్టండి. నినాదాలప్పుడు మైనస్ 3 దాకా పోతుంది, ఆ జాగా వదలాలి.

ఇయర్‌ఫోన్ రంధ్రం లేని ఫోనుకు యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. అడాప్టర్‌కూ ఇదే పలక పనిచేసింది.

ఇప్పుడు మాట శుభ్రంగా వస్తోంది, కానీ వింటే ఏదో లోటు. వక్త "జిందాబాద్" అంటే జవాబు లేదు. తీగలో వక్త గొంతే ఉంది, జనం లేరు. వందలమంది కూర్చున్న ధర్నా ఖాళీ గదిలో ప్రసంగంలా వినిపించింది, ఇది కూడా అబద్ధమే. మాటకు వేరే ఫోను పెట్టాక (కింద చెప్తాను), వీడియో ఫోను మైకును తీగ ఆడియో కింద 15 డీబీ తక్కువగా కలిపాం. నినాదం, చప్పట్లు, డప్పు మళ్లీ వచ్చాయి, మాట మీద మాత్రం పడకుండా.

ఇక అసలు మార్పు. వీడియో ఫోను టెంటు వెనక ఉంటుంది, యాంప్లిఫయర్ ముందు ఉంటుంది. మధ్యలో తీగ పరిస్తే కాళ్లకు తగులుతుంది. దానికి తోడు వీడియో దారి చిక్కిపోతే మాట కూడా దానితో పాటే పోతోంది. అందుకని మాటకు వేరే ఫోను, వేరే సిమ్ము, వేరే దారి ఇచ్చాం. సెకండ్‌హ్యాండ్ ఫోను ఒకటి యాంప్లిఫయర్ పక్కన పెట్టెలో కూర్చుంటుంది, బొమ్మ లేకుండా ఆడియో మాత్రమే పంపుతుంది. 64 కేబీపీఎస్ ఆడియో పంపితే దారిలో సుమారు 90 కేబీపీఎస్ అవుతోంది, గంటకు 40 ఎంబీ. ఎనుమాముల గేటు దగ్గర 0.4 మాత్రమే వచ్చిన ఆ సిమ్ము మీద కూడా ఇది ఆగలేదు.

రెండూ ఓబీఎస్‌లో కలుస్తాయి. మొదలుపెట్టేటప్పుడు మైకు ముందు కెమెరాకు కనపడేలా ఒకసారి చప్పట్లు కొట్టి, తేడాను సింక్ ఆఫ్‌సెట్‌తో సరిచేస్తాం. మాకు 400 నుంచి 900 మిల్లీసెకన్ల మధ్య వస్తోంది. వీడియో పడిపోతే కదలని బొమ్మ వస్తుంది, మాట నడుస్తూనే ఉంటుంది.

ర్యాలీలో మైక్‌సెట్టు ఆటోలో ఉంటుంది, ఆడియో ఫోను పెట్టెను యాంప్లిఫయర్‌కు కట్టి అదే ఆటోలో పంపుతాం. 2013లో బ్రెజిల్ వీధి నిరసనల్లో మీడియా నింజా అనే బృందం సూపర్ మార్కెట్ బండిలో జనరేటర్‌తో సహా సరంజామా వేసుకుని తోసుకుంటూ లైవ్ ఇచ్చింది. మన ర్యాలీల్లో ఆ బండి ముందే ఉంది, కరెంటుతో సహా. అంబేద్కర్ విగ్రహం నుంచి నక్కలగుట్ట మీదుగా అదాలత్ దాకా సాగిన ర్యాలీలో వీడియో పదే పదే ఆగింది, ఆడియో ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇంకో జాగ్రత్త. సభ మొదలవకముందు మైక్‌సెట్టులో పెన్‌డ్రైవ్ పాటలు వేస్తారు. అవి లైవ్‌లోకి వెళ్తే కాపీరైట్ పట్టివేతలో లైవ్ ఆగిపోవచ్చు. పాటలు ఆగి, మొదటి వక్త మైకు పట్టుకున్నాకే ఆడియో దారి తెరుస్తాం. కళాకారులు అక్కడికక్కడ పాడేది వదలం.

ఖర్చు: అడాప్టర్ 450, ఐసోలేటర్ 350, పిన్నులు తీగలు 180, రెసిస్టర్లు కెపాసిటర్లు 60, సెకండ్‌హ్యాండ్ ఫోను 3,500. ఈ దశకు రూ. 4,540. మొత్తం: రూ. 6,540.

దశ 4: ఎండ, మిర్చి ఘాటు

మే నెల ఎండలో నల్ల కవరు వేసిన ఫోను అరగంట లోపే 47 డిగ్రీలకు చేరింది. సెకనుకు 25 ఫ్రేములు 12కు పడ్డాయి, తెర మసకబారింది, ఆ తర్వాత యాప్ ఆగిపోయింది. ఎండ, ఎన్‌కోడింగ్ (వీడియోను కుదించే పని), సిగ్నల్ కోసం వెతుకులాట, చార్జింగ్ నాలుగూ కలిసి వేడి చేస్తాయి. ఒక్కొక్కటే తీసి చూశాం. కవరు తీసేసి, స్టాండుకు గొడుగు బిగించి, తెర వెలుగు పూర్తిగా తగ్గిస్తే గంట తర్వాత 42 డిగ్రీలు. వెనక చిన్న కూలింగ్ ఫ్యాను తగిలిస్తే 39. పవర్ బ్యాంకును మొదటి నుంచీ పెట్టకుండా, బ్యాటరీ సగానికి వచ్చాక గొడుగు నీడలో పెడుతున్నాం. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న బ్యాంకు 5 వోల్టుల దగ్గర 12,000 నుంచి 13,000 దాకానే ఇస్తుంది. మా రెండు ఫోన్లకూ, ఫ్యానుకూ అది చాలుతోంది.

ఎనుమాములలో మిర్చి సీజన్‌లో ఇంకో బాధ. యార్డులో ఘాటు గాలిలోనే ఉంటుంది. ఫోను పట్టుకున్నవాళ్ల దగ్గు వీడియో ఫోను మైకులో నిండింది. అక్కడ చేత్తో పట్టుకోవడం మానేసి స్టాండు మీద పెట్టి దూరంగా నిలబడతాం. వాడని రంధ్రాలకు టేపు వేస్తాం.

ఖర్చు: పవర్ బ్యాంకు 1,800, గొడుగు బిగింపుతో 550, ఫ్యాను 600. ఈ దశకు రూ. 2,950. మొత్తం: రూ. 9,490.

దశ 5: రికార్డు

నెట్టు అసలే లేని రోజు కోసం ఇది. ఢిల్లీ సరిహద్దుల్లో రైతుల ధర్నా దగ్గర 2021 జనవరి చివర్లో ఇంటర్నెట్ ఆపేశారు. కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆపడం మీద వేసిన అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులను ప్రజలకు తెలిసేలా ప్రచురించాలని చెప్పింది. ఉత్తర్వు ప్రచురించినా ఆ రోజు లైవ్ ఉండదు కదా. కాబట్టి రెండు ఫోన్లూ పంపుతూనే తమలో కూడా రికార్డు చేసుకోవాలి.

మామూలు ఎంపీ4 ఫైలు రాస్తుండగా ఫోను ఆగిపోతే మొత్తం ఫైలు తెరుచుకోదు, ఎందుకంటే దాని విషయసూచిక చివర్లో రాస్తారు. యాప్‌లో 5 నిమిషాలకో ముక్కగా రాసే ఎంపిక ఉంది. అప్పుడు పోతే చివరి ముక్కే పోతుంది.

అదే రాత్రి చేసే పని:

1. కార్డులోని ఫైళ్లను పేరు మార్చకుండా రెండు చోట్లకు కాపీ చేస్తాం.
2. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలు వేలిముద్ర లాంటిది, ఫైలు కొంచెం మారినా ఇది మారిపోతుంది) తీసి, తేదీతో రాసిపెడతాం.
3. ఫోను పేరు, ఎవరు నడిపారు, ఎక్కడ అన్నది పక్కనే రాస్తాం.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్లో హాష్ కూడా రాయాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బీ సర్టిఫికెట్ స్థానంలో వచ్చింది ఇదే. రేపు ఎవరి మీదైనా కేసు పెడితే, ఆ రోజు రోడ్డు మీద ఏం జరిగిందో చూపించే కత్తిరించని ఫైలు వాళ్ల వకీలు చేతిలో ఉండాలి.

ఖర్చు: 128 జీబీ కార్డు రూ. 900. మొత్తం: రూ. 10,390.

దశ 6: మొహాలు

కాంట్రాక్టు కార్మికుల ధర్నాలో ఒక అక్క కెమెరా చూసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "మా సార్ సూస్తే రేపు డ్యూటీల ఉంచుతడా తమ్మీ?" ఆమె ధర్నాకు రావడానికే ధైర్యం కూడగట్టుకుంది. మా లైవ్ వల్ల ఆమె పని పోతే ఈ ఏర్పాటంతా ఎవరి కోసం?

కెమెరాను వేదిక పక్కనుంచి తీసేసి జనం వెనక పెట్టాం. వేదిక, బ్యానర్లు, వక్త మొహం కనిపిస్తాయి. కూర్చున్నవాళ్ల వీపులు కనిపిస్తాయి. మాట వేరే ఫోన్లోంచి వస్తోంది కాబట్టి దూరం వల్ల నష్టమేమీ లేదు. మొదలవకముందు మైకులో చెప్పిస్తాం: లైవ్ ఉంది, కనపడొద్దు అనుకునేవాళ్లు ఫలానా వైపు కూర్చోండి, ఆ వైపు కెమెరా తిరగదు.

అనుకోకుండా ఏదైనా వస్తే ఆపడానికి గడువు కావాలి. ఓబీఎస్‌లో స్ట్రీమ్ డిలే అని ఒకటి ఉంది, కానీ అది కూర్పు అయిపోయాక ఆలస్యం చేస్తుంది. మనం సీను మార్చేసరికి అంతకుముందువి వరుసలో ఉండి ఎలాగూ బయటికి పోతాయి. అందుకని ఆలస్యాన్ని ముందుకు జరిపాం. సర్వర్ నుంచి ఓబీఎస్ తెచ్చుకునే ఎస్‌ఆర్‌టీ గడువును 3 సెకన్ల నుంచి 8కి పెంచాం, వీడియోకూ ఆడియోకూ సమానంగా. మీడియాఎమ్‌టీఎక్స్ అదే వీడియోను 8889 పోర్టు మీద వెబ్ పేజీగా దాదాపు ఆలస్యం లేకుండా చూపిస్తుంది. ఇంట్లో కూర్చున్న మనిషి పక్క ఫోన్లో ఆ పేజీ చూస్తాడు. ఏదైనా కనపడితే, అది ఓబీఎస్‌కు చేరేలోగా కదలని బొమ్మకు మార్చడానికి ఐదారు సెకన్లు దొరుకుతాయి. మాట ఆపాల్సిన అవసరం వేరు, దానికి వేరే మీట పెట్టాం.

ఆ మీటలు ఎప్పుడు నొక్కాలో రాసి గోడకు అంటించాం:

1. కేసుతో సంబంధమున్న పిల్లలు: బొమ్మ, పేరు రెండూ ఆపాలి. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ గుర్తింపు బయటపెట్టొద్దంటుంది.
2. అత్యాచార బాధితుల వివరాలు వక్త నోట వచ్చినా ఆపాలి. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్.
3. ఎవరి ఫోను నంబరైనా, ఇంటి అడ్రసైనా.
4. గాయపడ్డవాళ్లు: బొమ్మ ఆపాలి, మాట ఉంచాలి.
5. తోపులాట, అరెస్టులు: ఏదీ ఆపొద్దు.

ఐదో దాని మీద మాలో మాకు చాలాసేపు వాదన జరిగింది. వ్యాన్ ఎక్కిస్తున్నవాళ్ల మొహాలు కనపడతాయి కదా అని ఒకరి అభ్యంతరం. చివరికి యూనియన్ వాళ్లనే అడిగాం. వ్యాన్ ఎక్కించేది అందరూ చూడాలనే వాళ్లన్నారు. అదే ఉంచాం.

2021 ఐటీ నిబంధనల ప్రకారం డిజిటల్ వార్తలు ఇచ్చేవాళ్లకు ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పి, 15 రోజుల్లో తేల్చాలి. మాలో ఒకరు ఆ పని తీసుకున్నారు. కొంగు అడ్డం పెట్టుకున్న అక్కలాంటివాళ్లు తర్వాతైనా అడిగితే, ఆ నిమిషాన్ని రికార్డు వీడియోలో మసక చేస్తాం.

ఖర్చు లేదు. మొత్తం: రూ. 10,390. ఇక మీద నెలకు రీచార్జులు, సర్వర్, యాప్ కలిపి రూ. 2,000.

ఇప్పటి సెట్టింగులు

- వీడియో ఫోను: 540పీ, 25 ఫ్రేములు, 1.2 ఎంబీపీఎస్, కనీసం 300 కేబీపీఎస్ దాకా తగ్గనిస్తాం, 4జీ మాత్రమే.
- ఆడియో ఫోను: మోనో, 64 కేబీపీఎస్, రెండో కంపెనీ సిమ్ము.
- గడువు: ఫోను నుంచి సర్వర్‌కు 3 సెకన్లు, సర్వర్ నుంచి ఓబీఎస్‌కు 8 సెకన్లు.
- రికార్డు: రెండు ఫోన్లలోనూ, 5 నిమిషాల ముక్కలు.

మిగిలిన పని

పోచమ్మ మైదాన్, కాకతీయ యూనివర్సిటీ (కేయూ) గేటు దగ్గర జనం ఉన్నప్పటి అప్‌లోడ్ ఇంకా కొలవలేదు. ఇంట్లో కరెంటు పోతే ఓబీఎస్ ఆగుతుంది, రూటర్‌కూ కంప్యూటర్‌కూ ఇన్వర్టర్ కావాలి, దాని ధర చూస్తున్నాం. వీడియోకు రెండు సిములు కలిపి వాడే ప్రయత్నం ఆ తర్వాత. మైక్‌సెట్టు లేకుండా పదిమంది కూర్చునే చిన్న దీక్షల్లో మాట ఎలా తీసుకోవాలో ఇంకా కుదరలేదు. చేతిలో పట్టుకునే డైనమిక్ మైకు ఒకటి అడిగి తెచ్చాం, ఈ వారం దాన్ని పలక లేకుండా అడాప్టర్‌కు కలిపి చూస్తాం. లెవెల్ అంకెలు వచ్చాక దశ 7లో రాస్తాను.